పదో గ్లౌజు

నేను ఒక తోలు గ్లౌజును. సాఫ్ట్‌బాల్ ఆటలో బంతిని ఒడిసిపట్టడానికి పుట్టాను. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. తోలుముక్కకు కోపమేమిటని మీకు నవ్వు రావచ్చు. నా కథ విన్నాక కూడా నవ్వొస్తే నవ్వండి, అభ్యంతరం లేదు.

మీరట్‌లో ఒక ఇరుకు సందులో, మెట్ల కింద ఉన్న కార్ఖానాలో నన్ను కుట్టారు. నాతోపాటు మరో తొమ్మిది గ్లౌజులు తయారయ్యాయి. అవన్నీ ఎడమచేతికి తొడుక్కునేవి. కుడిచేత్తో బంతి విసిరేవాళ్లకు పట్టుకోవడానికి మిగిలేది ఎడమచెయ్యి కాబట్టి గ్లౌజు ఆ చేతికే ఉండాలి. నేను మాత్రం కుడిచేతి గ్లౌజును. ఎడమచేత్తో విసిరేవాళ్ల కోసం పుట్టినదాన్ని. పదింటిలో ఒకటి అలా కుట్టడం ఆ కార్ఖానా పద్ధతి. లోకంలో ఎడమచేతి వాటం మనుషులు కూడా ఉంటారనీ, వాళ్లకూ ఆడుకోవాలనిపిస్తుందనీ అక్కడ ఎవరో ఎప్పుడో తలచుకున్నారు. ఆ తలపే నా పుట్టుక.

మమ్మల్ని గోనెసంచిలో కట్టి అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలకు పంపించారు. సంచి విప్పిన రోజు హెడ్మాస్టరు శేషఫణిగారు మమ్మల్ని ఒక్కొక్కటిగా తన ఎడమచేతికి తొడిగి చూశారు. తొమ్మిదీ సరిపోయాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన బొటనవేలికి చోటు దొరకలేదు.

"ఇదేందప్పా, దీన్ని తిరగేసి కుట్టినారు," అన్నాడాయన.

"కుడిచేతికి పడుతుందేమో చూడండి సార్," అన్నాడు పక్కనున్న లెక్కల మాస్టరు.

"కుడిచేతికి దీన్ని తగిలిస్తే బంతి దేంతో విసరల్ల? కాలితోనా?"

గదిలో అందరూ నవ్వారు. విసరడానికి ఇంకో చెయ్యి కూడా ఉంటుందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నన్ను పాడైన సరుకు కింద తీసేసి మూలకు విసిరారు. పనికిమాలినది అనిపించుకోవడం నాకు అదే మొదలు. పనికి పెట్టి చూడకుండానే అనిపించుకున్నాను. నా కోపానికి విత్తనం అక్కడ పడింది.

తొమ్మిది మంది తోబుట్టువులూ ఆయన గదిలోని అద్దాల బీరువాలోకి వెళ్లారు. వాళ్ల అదృష్టానికి మొదట్లో ఏడ్చాను. తర్వాత తెలిసింది, అది అదృష్టం కాదని. తనిఖీకి పైనుంచి ఎవరైనా వస్తే వాళ్లను బయటికి తీసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, వరసగా పేర్చేవారు. వచ్చినవాళ్లు చూసి తల ఊపి, టీ తాగి పోయేవారు. మళ్లీ బీరువా, మళ్లీ తాళం, మళ్లీ కలరా ఉండల వాసన. ఆడపిల్లలు మాత్రం బయట మైదానంలో ఒట్టి చేతులతో బంతి పట్టుకుని, వాచిన వేళ్లను నోట్లో పెట్టుకుని ఊదుకునేవారు. "మాసిపోతే ఎవరు జవాబు చెప్పల్ల?" అనేవాడు శేషఫణి. బంతి తగలని గ్లౌజు ఎవరికి జవాబు చెప్పాలో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

నన్ను మూలనుంచి తీసింది మధ్యాహ్న భోజనం వండే సుంకమ్మ. పొయ్యి మీది డేగిసా దించడానికి ఆమెకు మసిగుడ్డ చాలక చేతులు కాలుతుండేవి. నన్ను తొడుక్కుని అన్నం వార్చింది, పప్పు దించింది, ఉడికిన కోడిగుడ్ల నీళ్లు వంపింది. బంతి పట్టాల్సిన నేను సాంబారు గిన్నె పట్టాను. చాలా అవమానపడ్డాను. కానీ అన్నం ఆవిరికి నా తోలు రోజురోజుకూ మెత్తబడింది. బీరువాలో తోబుట్టువులు చెక్కల్లా బిగుసుకుపోతుంటే, నేను చెయ్యి ఎటు ముడిస్తే అటు ముడుచుకోవడం నేర్చుకున్నాను. సుంకమ్మ ఆ మేలు తెలిసి చేయలేదు. మేలు మేలే.

ఒకరోజు భోజనాల వరసలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఎడమచేత్తో పళ్లెం చాపింది. పేరు వన్నూరమ్మ.

"రొడ్డచేత్తో అన్నం పట్టగూడదు పాపా, కుడిచెయ్యి పెట్టు," అంది సుంకమ్మ. ఎడమచేతిని ఆ ఊళ్లో అలాగే అంటారు.

"అదే వస్తుంది పెద్దమ్మా. ఏం చేసేది?"

ఒకటో తరగతి నుంచి ఆ పిల్ల ఈ మాట వింటూనే ఉందని ఆ గొంతులోనే తెలిసింది. పలక మీద రాసినప్పుడు స్కేలు దెబ్బ, పసుపు కుంకుమ అందించినప్పుడు అత్త కసురు. పుట్టుకతో వచ్చిన చేతిని రోజూ దాచుకుంటూ బతకడమంటే ఏమిటో ఆ వరసలో నాకొక్కదానికే అర్థమై ఉంటుంది.

అన్నం తిని పళ్లెం కడిగి వస్తూ, గట్టు మీదున్న నన్ను తీసి వేళాకోళానికి కుడిచేతికి తొడుక్కుంది. సరిగ్గా పట్టాను. ఆ పిల్ల వేళ్లు ఒకసారి మూసి తెరిచింది. నేనూ మూసుకుని తెరుచుకున్నాను. కొత్తగా వచ్చిన డ్రిల్లు మేడం లలితాబాయి అది చూసి, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమ్మే వన్నూరూ, ఇది యాడ దొరికె నీకు?"

"పప్పు దించేది మేడం ఇది."

"పప్పు దించేది కాదు. నీది అది. సుంకమ్మా, నీకు మంచి మసిగుడ్డ నేను తెచ్చిస్తాలే, దీన్ని వదిలెయ్."

ఆ సాయంత్రం నా అరచేతిలో మొదటిసారి బంతి పడింది. ఆ చప్పుడు కోసమే నన్ను కుట్టారు. వన్నూరమ్మ ఎడమచేత్తో విసిరిన బంతి కూడా అప్పుడే చూశాను. కింది నుంచి చెయ్యి గిర్రున తిరిగి వచ్చే ఆ బంతిని, కుడిచేతి విసుర్లకు అలవాటు పడ్డ పిల్లలు అందుకోలేక పక్కకు దూకేవారు. లలితాబాయి ఆమెను జట్టుకు బంతి విసిరే పిచర్‌ను చేసింది. రొడ్డచెయ్యి అని వెక్కిరించిన ఊరి పిల్లలే, "మా రొడ్డచెయ్యి బంతి చూసినారా?" అని పక్క బడి పిల్లల ముందు గొప్పలు పోయారు.

జట్టుకు కెప్టెన్ పర్వీన్. పొట్టిగా ఉంటుంది, నోరు పెద్దది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి మైదానంలో గాజుపెంకులు ఏరేది. ఆ మైదానంలో సాయంత్రం మగపిల్లలు క్రికెట్ ఆడతారు కాబట్టి ఆడపిల్లలకు మిగిలేది పొద్దుటి పూటే. మ్యాచ్ రోజున మాత్రం శేషఫణి బీరువా తెరిచి తొమ్మిది గ్లౌజులూ ఇచ్చేవాడు, సాయంత్రానికి తుడిచి అప్పగించాలన్న షరతుతో. బిగుసుకుపోయిన నా తోబుట్టువుల నుంచి బంతి ఎగిరి బయటికి దూకేది. అయినా ఆ పిల్లలు మండలంలో గెలిచారు, డివిజన్‌లో గెలిచారు. జిల్లా ఫైనల్‌కు చేరారు.

ఫైనల్ రోజు పొద్దున బస్సెక్కడానికి వచ్చిన జట్టుకు బీరువా తాళం తెరుచుకోలేదు.

"ఈరోజే తనిఖీ ఉందంట," అన్నాడు శేషఫణి. "బీరువా ఖాళీగా కనిపిస్తే నా గతేం కావల్ల? మీరు పోయి ఆడండమ్మా. చేతులున్నాయి గదా."

"గ్లౌజుల్లేకుంటే ఫీల్డులోకే రానియ్యరు సార్. ఆడకుండానే ఓడిపోయినట్లు రాస్తారు," అంది లలితాబాయి.

"మేడం, సంవత్సరమంతా మీ మాటే విన్నా. ఈ ఒక్కరోజు నా మాట వినండి."

ఆయన చెడ్డవాడు కాడు. చెమట తుడుచుకుంటూ తన టిఫిన్ డబ్బా తీసి పర్వీన్ చేతిలో పెట్టి, దారిలో తినమన్నాడు. అదే నాకు మరీ మంట. చెడ్డవాడైతే ఆ పిల్లలు ఆయన్ను తిట్టుకుని ఊరటపడేవారు. పులిహోర పెట్టి చేతులు కట్టేసేవాణ్ణి ఏమని తిట్టాలి?

నేను మాత్రం వెళ్లగలిగాను. పాడైన సరుకు కదా, బీరువాలో నా లోటు ఎవరికీ కనిపించదు.

బస్సు బయలుదేరింది. కాసేపటికి వన్నూరమ్మ నన్ను చేతి నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేనూ ఒట్టి చేతుల్తోనే ఆడతా. నాకొక్కదానికే ఎందుకు?"

"ఎచ్చులు పోవద్దు," అంది పర్వీన్. "నీ చెయ్యి వాస్తే బంతి ఎవురేస్తారు, మీ నాయనా? తొడుక్కో. మాకు వేళ్లుండాయిలే, ఏడాదిగా వాటితోనే పట్టినాం."

"ఏడాదిగా ఊదుకున్నాం కూడా," అంది వెనక సీట్లోంచి ఒకతె. బస్సంతా ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత డబ్బా తెరిచి, ముద్ద ముద్దగా అందరూ పంచుకున్నారు.

మైదానంలో అంపైరు తల అడ్డంగా ఊపాడు. ఒక్క గ్లౌజుతో జట్టును దించలేనన్నాడు. అవతలి జట్టు కదిరి వైపుది. వాళ్ల కెప్టెన్ లీలావతి పొడుగాటి పిల్ల. తమ టీచరు తన చెవిలో ఏదో చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడకుండా గెలిస్తే ఊరికి పోయి ఏం చెప్పుకోవల్ల మేడం? మేం బ్యాటింగుకు వచ్చేటప్పుడు మా గ్లౌజులు ఈడే పెట్టి వస్తాం. వీళ్లు తొడుక్కోనీ."

అలాగే జరిగింది. ఒక జట్టు మైదానం వదిలేటప్పుడు గ్లౌజులు ఎవరి చోట వాళ్లు నేల మీద పెట్టేవారు. రెండో జట్టు వాటినే తొడుక్కునేది. ఇంకా వెచ్చగా ఉండేవవి. పెద్దలు తాళం వేసినదాన్ని పద్నాలుగేళ్ల పరాయి పిల్ల తెరిచింది. ఆ రోజు అన్ని గ్లౌజుల్లో చేతులు మారనిదాన్ని నేనొక్కదాన్నే. వన్నూరమ్మకు సరిపోయేది అవతలివాళ్ల దగ్గర కూడా లేదు.

చివరి ఇన్నింగ్స్‌లో మావాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. అవతల ఇద్దరు అవుటయ్యారు, మూడో అవుటుతో ఆట ముగుస్తుంది. కానీ పరుగుకు ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ మీద ఒకతె కాచుకుని ఉంది. బ్యాటు పట్టుకుని లీలావతి వచ్చింది. వన్నూరమ్మ చెయ్యి తిప్పి విసిరింది. లీలావతి బలంగా కొట్టిన బంతి నేల తాకకుండా నేరుగా వన్నూరమ్మ ముఖం మీదికి వచ్చింది. ఆలోచించే వ్యవధి లేదు. కుడిచెయ్యి దానంతటదే లేచింది. చెక్కలా బిగుసుకున్న గ్లౌజైతే ఆ బంతి తగిలి ఎగిరిపోయేది. నేను మూసుకున్నాను. అన్నం ఆవిరి నేర్పిన మెత్తదనంతో, ఇన్నేళ్ల కోపంతో మూసుకున్నాను.

గెలిచాక ఆ పిల్లలు మొదట చేసిన పని గంతులు వేయడం కాదు. అవతలివాళ్ల గ్లౌజులన్నీ ఏరి, మట్టి తుడిచి, ఎవరివి వాళ్ల చేతికిచ్చారు.

తిరిగి వచ్చేసరికి శేషఫణి ఇంకా బడిలోనే ఉన్నాడు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద తొమ్మిది గ్లౌజులు. తనిఖీకి ఎవరూ రాలేదు. వాయిదా వేశారట.

మర్నాడు పేపరువాళ్లు ఫోటోకు వచ్చారు. ఆయన సంతోషంగా తొమ్మిది గ్లౌజులూ తెచ్చి, "మంచివి తొడుక్కోండమ్మా, పేపర్లో పడుతుంది," అన్నాడు. పర్వీన్ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ పెట్టుకున్నారు.

"మావి మాకుండాయి సార్," అంది పర్వీన్. వాచిన వేళ్లు చాపి కెమెరా ముందు నిలబడింది. మిగతావాళ్లూ చాపారు. మధ్యలో వన్నూరమ్మ, ఆమె చేతికి నేను.

ఆ ఫోటో పేపర్లో పడింది. ఒక్క గ్లౌజుతో బయలుదేరి గెలిచిన జట్టని రాశారు. పేరు రావడంతో శేషఫణికి నా మీద గౌరవం పుట్టుకొచ్చింది. గౌరవం పుడితే ఆయనకు తెలిసిన పని ఒక్కటే. నన్ను జట్టు గెలిచిన కప్పు పక్కన, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. అవమానాన్ని సాంబారు వాసనతో భరించాను. ఈ సన్మానాన్ని భరించలేకపోయాను.

వన్నూరమ్మ పదో తరగతిలో నా కోసం మూడుసార్లు అడిగింది. "అది బడి ఆస్తమ్మా," అన్నారు. ఆ ఏడు ఆమె ఒట్టి చేత్తో సాధన చేసింది, మ్యాచ్‌లలో సరిపడని ఎడమచేతి గ్లౌజునే కుడిచేతికి ఇరికించుకుని ఆడింది. జట్టు డివిజన్ దాటలేదు. అదంతా అద్దంలోంచి చూశాను. పక్కన నా తోబుట్టువులు పలకలేదు. వాళ్లకు మాటలు ఎప్పుడో పోయాయి.

ఆమె కాలేజీలో చేరిన ఏడాది వార్షికోత్సవానికి బడివాళ్లు పిలిచారు. ఫోటో కోసం శేషఫణి నన్ను తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె తొడుక్కుంది. చెయ్యి పెరిగింది, బిగుతుగా పట్టాను. ఫోటో అయ్యాక ఆయన నా కోసం చెయ్యి చాపాడు, రెండో చేతిలో తాళంచెవి.

వన్నూరమ్మ వేదిక దిగింది. కొత్త జట్టు పిల్లలు కింద వరసలో కూర్చున్నారు. ఏడో తరగతి అంజినమ్మ కుడిచేతి వేళ్లకు గుడ్డపీలికలు కట్టుకుని ఉంది.

"నువ్వు ఏ చేత్తో విసురుతావే?"

అంజినమ్మ ఎడమచేతిని వీపు వెనక్కి దాచింది.

వన్నూరమ్మ ఆ చేతిని ముందుకు లాగింది. నన్ను తీసి, ఎడమచేత్తోనే ఆ పిల్లకు అందించింది.

"ఎడమచేత్తో ఇస్తావేందమ్మా, అందరి ముందర," అన్నారెవరో వేదిక మీద నుంచి.

"దీన్ని ఇట్లనే ఇయ్యల్ల," అంది వన్నూరమ్మ. అంజినమ్మతో, "తాళం వేస్తామంటే ఇయ్యొద్దు. పో, ఆడుకో పో," అంది.

లలితాబాయి చప్పట్లు కొట్టింది. పిల్లలంతా కొట్టారు. శేషఫణి కాసేపు తాళంచెవి వైపు చూసుకుని జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు నా తోలు పగిలింది. రెండుచోట్ల తాడు తెగితే పురికొసతో కట్టారు. వాన పడితే నేనూ మైదానంలోనే తడుస్తాను. ఏదో ఒకనాడు చెత్తకుప్పలోకి పోతాను. పోయినా ఆడి పోతాను.

కోపం చల్లారిందా అంటే, లేదు. పొద్దున్నే పిల్లలు మైదానానికి వస్తారు. ఒక్క అంజినమ్మ చేతికే నేనుంటాను. మిగతావాళ్లు బంతి పట్టి వేళ్లు ఊదుకుంటారు. అక్కడి నుంచి హెడ్మాస్టరు గది కిటికీ కనిపిస్తుంది. కిటికీలో అద్దాల బీరువా. బీరువాలో తొమ్మిది గ్లౌజులు, కుట్టిన నాటి రంగుతో.