కన్నుకొట్టే పిల్లి

ఆ పిల్లిని పుట్టించింది నేనే కాబట్టి తిట్టే హక్కు కూడా నాకే ఉంది. అరచేతిలో పట్టే చెక్క బొమ్మ అది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట, తెరిచిన కన్ను ఒకటి, మూసిన కన్ను ఒకటి. మొదటిదానికి రెండు కళ్ళూ గీద్దామనే కూర్చున్నాను. రంగు చుక్క జారి ఎడమ కన్ను పాడైంది. పారేయడానికి మనసొప్పక, దాని మీద ఒక వంపు గీత గీసి మూసేశాను. ఆన్‌లైన్ మార్కెట్లో పెడితే సాయంత్రానికల్లా అమ్ముడుపోయింది. అప్పటిదాకా నేను చేసిన చేపలు, పక్షులు, గొడుగు కింద నిలబడ్డ ముసలమ్మలు అడిగే దిక్కులేక అదే పేజీలో పడి ఉన్నాయి.

ఇక అందరికీ పిల్లే కావాలి. కొత్తదేదైనా పెడితే, "చాలా బాగుంది, పిల్లి ఉందా?" అని అడుగుతారు. పోనీ కొన్నాళ్ళు సెలవు తీసుకుందామా అంటే, ఆ మార్కెట్టువాళ్ళు నా పేజీని ఎక్కడో అడుక్కి తోసేస్తారు. మళ్ళీ పైకి తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని జ్వరమొచ్చినా పిల్లే, చుట్టాలొచ్చినా పిల్లే. ఇప్పుడు దాని మొహం చూస్తేనే నాకు ఒళ్ళుమంట.

మానేయొచ్చు కదా అంటారు. చిక్కంతా అక్కడే, మా ఆయన దగ్గర. ఆయన ఇదివరకు ఒక ఆఫీసులో పనిచేసేవారు. పై అధికారి నలుగురిలో నానా మాటలూ అనేవాడు. మా ఆయనేమో నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గుమ్మం దగ్గర కుర్చీలో కూలబడేవారు. పిల్లి పుంజుకున్నాక ఆ ఉద్యోగం వదిలేసి పెట్టెలు కట్టే పనిలోకి దిగారు. ఇప్పుడు పాటలు పాడుకుంటూ టేపు అంటిస్తున్నారు. పెట్టెలో కాగితం పేలికలు పరిచి, బొమ్మని పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెడతారు. పిల్లి ఆగితే ఆ పాట ఆగిపోతుంది. అందుకే మింగలేక, కక్కలేక ఉన్నాను.

ఒకసారి ధైర్యం చేసి కదిపాను.

"ఇక ఇది ఆపేద్దామనిపిస్తోందండీ."

ఆయన చేతిలో టేపు అలాగే ఆగిపోయింది. "నీ ఇష్టం," అన్నారు.

ఆ అన్న తీరు వింటే ఎవరికీ దేనిమీదా ఇష్టం మిగలదు. వంటింట్లోంచి మా అత్తయ్య కూడా అందుకుంది. "నీ ఇష్టమేనే అమ్మాయ్! నీ చేతులు, నీ బొమ్మలు. మధ్యలో మేమెవరం?"

ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. సాయంత్రం నేనే వెళ్ళి మళ్ళీ బ్రష్షు పట్టుకున్నాను. కాసేపటికి పాట మొదలైంది.

అలా ఉండగా మార్కెట్టువాళ్ళ నుంచి మెసేజ్ వచ్చింది. కొన్నవాళ్ళెవరో ఫిర్యాదు చేశారట. బొమ్మలన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, ఇవి చేత్తో చేసినవి కావు, మిషనువి అని. మొదటినుంచి చివరిదాకా చేత్తో చేస్తున్నట్టు వీడియో పంపాలట. లేకపోతే దుకాణం తీసేస్తారట.

మా ఆయన మొహం మాడిపోయింది. "మిషనా? మా కోడలు మిషనా? వాడెవడో నాకు చూపించండి!" అని అత్తయ్య ఊగిపోయింది. నాకు మాత్రం గుండెల మీద బరువు కాస్త కదిలినట్టయింది. దుకాణం వాళ్ళే తీసేస్తే పీడా పోతుంది. నేను ఆపినట్టు కాదు, ఆయన ఉసురు నాకు తగలదు.

చేయాల్సింది కూడా చిన్న పనే. వీడియోలో పిల్లికి రెండు కళ్ళూ తెరిచి గీస్తాను. ఇది మీ పేజీలో ఉన్న బొమ్మ కాదు పొమ్మంటారు. కంగారులో చెయ్యి తప్పిందని మావాళ్ళకి చెప్పుకోవచ్చు. మళ్ళీ తీసే వ్యవధి లేకుండా, ఆ వంకా ఈ వంకా చెప్పి గడువు చివరి రోజుదాకా లాగాను.

కిటికీ పక్కన బల్ల. ఆయన ఫోనుని పుస్తకాల దొంతరకి ఆనించి, "ఊఁ, కానీ," అన్నారు. చెక్కని పిల్లిగా చెక్కి, బూడిదరంగు వేశాను. అది ఆరేలోపు కిటికీలోంచి చూశాను. ఎదురింటి మేడ మీద ఒకావిడ తడి దుప్పటి ఆరేస్తోంది. గాలికి దుప్పటి వచ్చి ఆవిడ మీదే పడుతోంది. దాని వెనక మనిషి ఆకారం, కింద రెండు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. లోపల్నుంచి నవ్వు వినిపిస్తోంది. ఎన్నాళ్ళకో నాకు ఒక బొమ్మ గీయాలనిపించింది. ఆ మడతలు ఎక్కడ మొదలెట్టాలి, నవ్వుతున్నట్టు పాదాలతోనే ఎలా చూపించాలి అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

"అయిపోయిందిగా! భలే వచ్చింది," అన్నారు మా ఆయన.

కిందికి చూశాను. పిల్లి ఎడమ కన్ను మూసి నాకేసి చూస్తోంది. నా చెయ్యే మూసింది, నన్నడక్కుండా.

వీడియో వెళ్ళింది. వాళ్ళు క్షమాపణలు చెప్పి, స్వయంగా చేత్తో చేసినవే అంటూ నా పేరు పక్కన ఒక గుర్తు కూడా పెట్టారు. ఆర్డర్లు వచ్చి పడ్డాయి. అత్తయ్య వీధంతా చెప్పొచ్చింది. మా ఆయన మొహం చేటంత చేసుకుని కొత్త పెట్టెలు విప్పుతుంటే అడిగాను.

"ఆ వీడియో ఒకసారి చూపించండి."

"ఇప్పుడెందుకు?"

"చూపించండి."

చూపించారు. మణికట్ల నుంచి కిందికి నా చేతులు, ఒక పిల్లి. అంతే.

"నా మొహమేది?"

"చుట్టూ కత్తిరించేశాను. వాళ్ళడిగింది చేతులే కదా."

"అసలు వీడియో ఏది?"

"తీసేశాను."

"ఎందుకు?"

ఆయన టేపు అంచు దొరకనట్టు గోటితో గోకుతూ ఉండిపోయారు. "నువ్వు బొమ్మ వైపు చూడనేలేదు," అన్నారు చివరికి. "అంతసేపూ కిటికీలోంచే చూస్తున్నావు. నీ మొహం... మన పెళ్ళైన కొత్తలో చేపలు గీసేటప్పుడు అలా ఉండేది. మళ్ళీ మళ్ళీ చూళ్ళేకపోయాను."

"అయితే ఈ పిల్లంటే నాకు విసుగని మీకు తెలుసన్నమాట."

"తెలుసు." టేపు కింద పెట్టారు. "మళ్ళీ ఆ ఆఫీసుకి పోలేనే. నావల్ల కాదు."

మొదటిసారి ఆయన నోట నీ ఇష్టం అనే మాట రాలేదు. ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా ఒక్కసారి కక్కేద్దామనుకున్నాను. తీరా చూస్తే ఎదురుగా తిట్టడానికి ఎవరూ లేరు. గుమ్మం దగ్గర కుర్చీలో కూలబడే ఆ మనిషే నిలబడి ఉన్నాడు. జాలేసింది. జాలిపడ్డందుకు నామీద నాకే అసహ్యమేసింది.

ఏం చేయాలో తోచకేమో, ఆయన బుట్టలోంచి రంగు వేయని చెక్క పిల్లినొకదాన్ని తీసి, రోజూ అందించినట్టే అందించారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎదుటి మేడ మీద ఉత్త తాడు ఊగుతోంది. అటు నుంచి చూపు తిప్పుకునేలోపే, నా చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుని ఆ పిల్లిని అందుకుంది.