పంది కాలేయం చెప్పిన నిజం

తెరమీది గ్రాఫు బొమ్మ చూస్తేనే పరిశోధక విద్యార్థిని ఎమొకెకి ఒళ్లు మండిపోతోంది. రోగుల కాలేయంలోని కణితి ముక్కలన్నిటిలో సక్సినేట్ అనే ఆమ్లం కొండంత లేచింది. పక్కనున్న మంచి ముక్కల్లో చీమంత. అయాన్ క్రొమటోగ్రఫీ ఆమ్లాలను విడదీసింది, దాని వెనక మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని తూచింది. యంత్రం తప్పేమీ లేదు.

తప్పు ఆపరేషన్ గదిలో ఉంది. ఆమె కళ్లారా చూసింది. మంచి ముక్క కోయగానే ద్రవ నైట్రోజన్‌లో పడి అక్కడికక్కడే గడ్డకడుతుంది. కణితిని మాత్రం ట్రేలో పడేసి సర్జన్ తీరిగ్గా ఫోటోలు తీసుకుంటాడు, పళ్లికిలిస్తూ ఫోన్లో కబుర్లాడతాడు. రక్తం అందని మాంసం ఊపిరాడక సక్సినేట్‌ను పోగేసుకుంటుంది. దాన్ని పట్టుకుని క్యాన్సర్ గుర్తంటున్నారు, సిగ్గులేని జనం.

"సోమవారం ఆసుపత్రి కమిటీ ఒప్పుకుంటే రోగులకు సక్సినేట్‌ను తగ్గించే మన మందు మొదలెడతాం," అన్నాడు ప్రొఫెసర్ సిలార్డ్, సలామీ శాండ్‌విచ్ నములుతూ. "పిచ్చి ప్రశ్నలు మాని, అన్నిటికంటే శుభ్రంగా వచ్చిన బొమ్మ ముందు పెట్టు. నీ డాక్టరేట్ నా చేతిలో ఉందమ్మాయ్."

ఆ చేతినుంచి కొవ్వు కారుతోంది.

శనివారం సెగెద్ ఊరి అవతల లొరింత్స్ మావయ్య ఇంట్లో పందిని కోశారు. పొద్దున్నే పాలింకా అనే పండ్ల సారా పుచ్చుకుని అందరూ హుషారుగా ఉన్నారు. ఎమొకె నైట్రోజన్ ఫ్లాస్కు మూత తీసింది.

"ఏంటే ఆ పొగ? పందికి దెయ్యం వదిలిస్తున్నావా?" అన్నాడు మావయ్య.

"కాలేయంలో రెండు ముక్కలు కావాలి మావయ్యా. ఒకటి కోయగానే ఇందులో వెయ్యి. రెండోది కాసేపు బల్లమీద ఉండనీ."

"కుక్క ఎత్తుకుపోతుందే!"

"మా సర్జన్ కంటే కుక్క నయంలే."

ఆ రాత్రే ల్యాబులో యంత్రం రెండు ముక్కల్నీ చూసింది. మొదటిదాంట్లో చీమంత. బల్లమీదదాంట్లో కొండంత. అంత శుభ్రమైన బొమ్మ ఇంతవరకూ రాలేదు. ప్రొఫెసర్ చెప్పినట్టే, కమిటీకి చూపే బొమ్మల్లో దాన్నే ముందు పెట్టింది, ఎవరిదో రాయకుండా.

సోమవారం కమిటీ ముందు ఆయన తెరవైపు చెయ్యి ఊపాడు. "చూడండి! ఈ రెండు గీతలు చాలు. ఇంతకంటే రుజువేం కావాలి?"

కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఈ రోగి ఎవరు?"

ప్రొఫెసర్ ఎమొకె వైపు తిరిగాడు.

"మా మావయ్య పందండి," అంది ఎమొకె. "ఏ జబ్బూ లేదు. మిగతాది సాసేజులు చేసుకుని తిన్నాం. రెండో ముక్కని మాత్రం ఆపరేషన్ గదిలో కణితుల్లాగే కాసేపు బయట వదిలేశాను."

పెద్దావిడ వెనక వరసలో కూర్చున్న సర్జన్ వైపు తిరిగింది. "కణితిని ఎంతసేపు ట్రేలో ఉంచుతారు?" "ఫోటోలు అయ్యేదాకా," అని గొణిగాడు సర్జన్. ఆవిడ అనుమతి కాగితాన్ని సంతకం చేయకుండానే పక్కకు నెట్టేసింది.

బయట నడవలో ప్రొఫెసర్ ఆమెను ఆపాడు. మొహం కందగడ్డలా ఉంది. "నీకు డాక్టరేట్ ఎలా వస్తుందో చూస్తాను!"

"వద్దండీ," అంది ఎమొకె. "మీ సంతకమున్న కాగితం ఇంట్లో పెట్టుకోవాలంటేనే అసహ్యం."