వినబడే వెలుగు కింద ఈల

రిస్తీన్ ముసలమ్మ పెట్టిన ఆంక్షలన్నిటినీ ఇంట్లోవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు మీరినవాళ్ళే. ఒక్కదాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఉత్తర ధ్రువానికి దగ్గరైన ఆ ఊళ్ళో, రాత్రి ఆకాశంలో రంగు వెలుగులు ఆడేటప్పుడు ఈల వేయకూడదు. వేస్తే అవి దిగొచ్చి, వేసినవాళ్ళను జుట్టుపట్టుకుని లాక్కుపోతాయి.

"అవి సూర్యుడి నుంచి వచ్చే రేణువులు అమ్మమ్మా! వంద కిలోమీటర్ల పైన గాలికి తగిలి మెరుస్తాయి. నీ ఈల వాటికెలా వినబడుతుంది?" అంది మనవరాలు ఎల్లె. ట్రోమ్సో యూనివర్సిటీలో ఆ వెలుగుల మీదే చదువుతోంది. ఇంటికొచ్చిన వారం నుంచీ ఇదే గొడవ.

"వాటిని మన భాషలో ఏమంటారే?"

"గువ్‌సహస్. వినబడే వెలుగు," అని ఎల్లె నీళ్ళు నమిలింది.

"మరి వినబడేదానికి వినబడదా?" అంది ముసలమ్మ.

నవంబరు నెల. సాయంత్రం నాలుగింటికే చీకటి. నెత్తిమీద పచ్చటి వెలుగు పొర్లుతోంది. ఎల్లె, అమ్మమ్మ, యొవ్నా మావయ్య దడి దగ్గర నిలబడి, తమ కుక్క చాహ్పే నలభై రెయిన్‌డీర్లను ఇంటికి తోలుకొస్తుంటే చూస్తున్నారు. అంతలో చాహ్పే బాట వదిలి మందను సరస్సు వైపు తిప్పింది. కిందటి చలికాలం నేర్చుకున్న అడ్డదారి అది. అప్పుడు సరస్సు మీద మంచుగడ్డ మూరెడు మందం. ఇప్పుడు రెండు వేళ్ళు. మందకు ముందు నడుస్తున్నది ఎల్లె సీసాతో పాలు పట్టి పెంచిన తెల్ల జింక.

"ఆపు మావయ్యా!"

జబ్బుచేసి గొంతు దెబ్బతిన్నప్పటి నుంచీ మావయ్య కుక్కను ఈలతోనే నడుపుతున్నాడు. ఒక పొడుగు ఈల వేస్తే ఆగుతుంది. కేకలను లెక్కే చేయదు. ఆయన రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. పైకి చూశాడు. తీసేశాడు.

"నువ్వెయ్యి. రేణువులేగా!" అన్నాడు బొంగురుగా.

"కుక్క నీది!"

"చదువు నీది!"

ఎల్లె పెదాలు సున్నా చుట్టింది. పైన ఓ పచ్చటి పాయ ఒళ్ళు విరుచుకుంది. అంతే, ఊపిరి బయటికి రాలేదు. నాలుగేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరైంది. సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

సరస్సు మీద గడ్డ టప్పుమంది. తెల్ల జింక తడబడింది.

"దద్దమ్మల్లారా, తప్పుకోండి!" ముసలమ్మ టోపీ తీసి అవతల పారేసి, నెరిసిన తల పైకెత్తింది. "ఇదిగో, వేసేది నేనే! ఎనభై రెండేళ్ళదాన్ని. కావాలంటే నన్ను పట్టుకుపోండి, నా పిల్లల జోలికొచ్చారో, చూసుకోండి!"

మిగిలిన నాలుగు పళ్ళ సందులోంచి వచ్చిన ఆ ఈలకు కుక్క ఉన్నచోటే కూలబడింది. జింకలు గిరుక్కున వెనక్కి తిరిగి గట్టెక్కాయి. తెల్లదానికి గిట్టలు మాత్రం తడిశాయి.

ముసలమ్మ ఇంకా పైకే చూస్తూ నిలబడింది. ఎల్లె చప్పున దగ్గరికొచ్చి, తన టోపీ ఊడదీసి ఆమె తలకు తొడిగి, చెవుల దాకా లాగి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది.

"రేణువులన్నావుగా! నా తలెందుకే కప్పుతావు?"

"చలి అమ్మమ్మా," అంది ఎల్లె, పైకి చూడకుండా.