చీకట్లో దాటిన అయాను

నేను ఒక ఉచ్చుని. ఉచ్చంటే కుందేళ్ళకో కౌజుపిట్టలకో పన్నేది అనుకునేరు! నాకు చిక్కేది అయాను, అంటే ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న పరమాణువు. అదీ ఒకే ఒక్కటి. తాంబూలంలో రాసుకునే సున్నంలో ఉండే కాల్షియమే మా వేట. నీలమణి పలక మీద బంగారు గీతలు పరిచి నన్ను చేశారు. ఒళ్ళంతా కలిపితే బొటనవేలి గోరంత ఉంటాను. నా గురించి జరిగిన వాదనలు మాత్రం ఒక గదిలో పట్టవు.

నన్ను గీసింది వకుళ. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో, రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్ల. ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. క్వాంటం కంప్యూటరులో ఒక్కో అయానూ ఒక్కో లెక్కల గుమాస్తా అనుకోండి. నలుగురితో ఆఫీసు నడవదు, వేలమంది కావాలి. పాత ఉచ్చులేమో ఊరగాయ జాడీలంత ఉండేవి, వాటిలో అయాన్లన్నీ ఒకే వరుసలో నిలబడాలి, కాస్త ఎక్కువైతే తోపులాట. వకుళకి చిన్నప్పుడు చూసిన రైల్వే యార్డు గుర్తొచ్చింది. పెట్టెల్ని ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మళ్ళించినట్టు అయాన్లనీ మళ్ళించవచ్చు కదా! అలా నా బంగారు గీతల మధ్య ఒక కూడలి వచ్చింది. అయాను నన్ను తాకదు. గాలిలేని చోట, నాకు వెంట్రుక మందమంత ఎత్తున తేలుతూ, నా గీతల్లో వోల్టేజి మారినకొద్దీ కదులుతుంది. ఆ కూడలిలో అది మలుపు తిరిగితే చాలు, ఇలాంటి కూడళ్ళు ఎన్నయినా కలుపుకుంటూ పోవచ్చు. తిరక్కపోతే, పై సంఘం వచ్చి చేసే సమీక్షలో వకుళ డిజైనుని మూలన పడేసి, విదేశాల నుంచి పెద్ద ఉచ్చు తెప్పిస్తారు.

ఇంతలో దసరా వచ్చింది. మనుషుల చోద్యం చూడండి. నా మీద దుమ్ము పడుతుందని తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకునేవాళ్ళే ఆయుధపూజ రోజున నన్ను డబ్బాతో సహా బల్ల మీదికి తెచ్చారు. "చిప్పుకి కుంకం పెట్టబాకండి సార్, మూతకి పెట్టండి" అని వకుళ గట్టిగా చెప్పింది. ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ సోమయాజులు గారు, "ఆ మాత్రం నాకు తెలీదుటమ్మా!" అంటూ మూత తీసి పక్కన పెట్టి, దానికి చక్కగా బొట్టు పెట్టారు. ఆ తర్వాత, మూత లేని నా ఎదురుగా కర్పూరం వెలిగించి హారతిచ్చారు! వేలు తగలకుండా అంత జాగ్రత్తపడ్డవాళ్ళలో పొగ సంగతి ఒక్కరికీ తట్టలేదు. వకుళయితే కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటోంది.

తర్వాత నన్ను ఉక్కు గదిలో బిగించి, గాలంతా లాగి, వారాల తరబడి వేడిచేశారు. కర్పూరం పోయింది గాని మసి మిగిలింది. అయినా మొదటి అయాను చిక్కి, లేజరు వెలుగు పడి తెర మీద ఊదారంగు చుక్కలా మెరిసిన రోజున అందరూ చప్పట్లే చప్పట్లు! నాకూ ఒళ్ళు పులకరించింది. కాని ఇల్లలకగానే పండగ కాదు కదా. కూడలి వైపు కదిలించడమే తరువాయి, చుక్క పక్కకి జరగడం, మాయమవడం. లేజరుని తిట్టారు, కరెంటుని తిట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని సోమయాజులు గారు నవ్వారు. అయ్యా, ఈసారి నిజంగానే మద్దెల ఓడు! చెబుదామంటే నాకు నోరేదీ?

చివరికి వకుళే పట్టుకుంది. "లేజరు వేసేకొద్దీ పక్కకి లాగతా ఉండాది సార్. చిప్పు మీద ఏందో అంటుకుని ఉండాది." ఏమిటా అని వెతుకుతూ ఫోనులో దసరా ఫొటో తెరిచింది. పక్కన మూత, దాని మీద బొట్టు, నా ముందు పొగ. సోమయాజులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

నాతో ఒకే పలక మీద పుట్టిన చెల్లెలొకతె శుభ్రంగా ఉంది. కాని నన్ను తీసి దాన్ని బిగించేసరికి సమీక్ష దాటిపోతుంది. ఉన్నది నేనొక్కదాన్నే. అప్పుడు వకుళకొక తెగింపు వచ్చింది. మసికి విద్యుదావేశం ఎక్కి అయానుని పక్కకి లాగేది లేజరు పడ్డప్పుడే, కాబట్టి లేజరు ఆర్పి దాటిస్తే? చిక్కేమిటంటే అయానుని చల్లగా ఉంచేదీ, కనబడేలా చేసేదీ ఆ లేజరే. ఆర్పితే కనబడదు, కాసేపట్లో వేడెక్కి ఎగిరిపోతుంది. ప్రయత్నించిన ప్రతిసారీ అలాగే పోయింది. పోయినప్పుడల్లా వోల్టేజీలు సవరించుకుంటూ సమీక్ష రోజు దాకా వచ్చింది.

సమీక్ష చేసే సంఘం అధ్యక్షురాలు డాక్టర్ జుబేదా తెర ముందు కూర్చున్నారు. చుక్క మెరుస్తోంది. వకుళ లేజరు ఆర్పింది. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగించింది. పాత చోట ఏమీ లేదు. మలుపు అవతల, కొత్త దారిలో, ఊదారంగు చుక్క!

"వచ్చేసినాది సార్! ఇదిగో, ఈడ ఉండాది!" వకుళ హైదరాబాదునీ సమీక్షనీ మరిచిపోయి అరిచేసింది. నాకు కాళ్ళుంటే గంతులేసేదాన్ని!

జుబేదా గారు మాత్రం నవ్వలేదు. "బాగుంది. కాని చీకట్లోనే ఎందుకు దాటాలి? డిజైనులో లోపమా?"

వకుళ ఇరకాటంలో పడింది. నిజం చెబితే పెద్దాయన పరువు పోతుంది, చెప్పకపోతే డిజైను పోతుంది. నాకు భయమేసింది. అప్పుడు సోమయాజులు గారే లేచారు.

"హారతిచ్చింది నేనండీ. డిజైను అమ్మాయిది, మసి నాది."

సంఘం డిజైనుకి ఒప్పుకుంది. నన్ను విప్పి చెల్లెల్ని బిగించారు. నేనిప్పుడు వకుళ బల్ల మీద గాజు డబ్బాలో ఉన్నాను. చూడ్డానికొచ్చినవాళ్ళు నా మచ్చని చూసి "అయ్యో" అంటారు. ఉక్కు గది లోపల చెల్లెలి మీద, పట్టపగల్లాంటి వెలుగులో, అయాన్లు వరసగా మలుపులు తిరుగుతున్నాయట. అందరూ చూస్తున్నారట. చూడనివ్వండి. మొట్టమొదటిది చీకట్లో కూడలి దాటుతున్నప్పుడు దాన్ని చూసినదాన్ని నేనొక్కదాన్నే.