సాన్పి చల్లని వాకిళ్లు

ఒక పూట ఊడవకుంటే ఏం పోతుంది, ఏమీ పోదు, అని జమున తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. చెయ్యి మాత్రం చీపురు కోసం తడుముతోంది. గడప మీద గ్రానైట్ దుమ్ము బియ్యప్పిండిలా పేరుకుంది. చూస్తే సిగ్గుగా ఉంది. దుమ్ము ఫ్యాక్టరీది. సిగ్గు తనదెలా అయింది? అలసిన మనసుకు ఇలాంటి ప్రశ్నలు వస్తాయి, జవాబులు రావు.

లోపల మంచంలో భర్త మల్లేష్ దగ్గుతున్నాడు. కరీంనగర్ అంచున ఉన్న ఆ ఫ్యాక్టరీలోనే రాళ్లు కోసి కోసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. "గాలి మంచిగున్న కాడ ఉంచుండ్రి" అన్నాడు డాక్టరు. అక్కడికి ఏ బస్సెక్కాలో చెప్పలేదు.

రాయి కోసే రంపం మీద నీళ్లు పారితే దుమ్ము లేవదు. ఖర్చని ఫ్యాక్టరీ సేటు ఆపించాడు. పోయినసారి కాలనీవాళ్లు అర్జీ పెడితే గాలి కొలిచే ఆఫీసరు వచ్చాడు. అతనొస్తున్నాడని గల్లీ అంతా ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గులు పెట్టారు. ఇంటికొచ్చేవాడికి మురికి వాకిలి చూపిస్తారా? ఆ తడి వాకిట్లోనే అతను మిషను పెట్టాడు. గాలి బాగుందని రాసుకుని, చాయ్ తాగి పోయాడు.

మళ్లీ కొట్లాడితే మళ్లీ వస్తానన్నాడు. ఇవాళే. అందుకే నిన్న మీటింగులో ఖుర్షీద్ లేచింది. పాలిష్ పట్టే పనిలో ఉన్న మనిషి, నోరు పెద్దది.

"ముగ్గులేసినమమ్మా, ముగ్గులు! ఆయనేమన్న పిల్లను సూడొచ్చిండా? రేపు ఎవ్వరు చీపురు ముట్టద్దు."

"ఊడవకుంటే ఇంట్లకు లచ్చిమి వస్తదా?" కిష్టవ్వ గొణిగింది.

"గిన్నేండ్లు ఊడిస్తే వచ్చిందా అవ్వా?"

అందరూ నవ్వారు. ఖుర్షీద్ నవ్వలేదు. "గాలి సేటు జాగీరు కాదు. మనం బిచ్చమడుగుతలేం. మంచి గాలి మన హక్కు."

ఇప్పుడు ఆఫీసరు కన్నా ముందే ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకరు వచ్చింది, రోడ్డంతా తడపడానికి. ఆడవాళ్లు అడ్డంగా కూర్చున్నారు. డ్రైవరు సాంబయ్య, ఒకప్పుడు రాళ్లు కోసే పనిలో మల్లేష్ జోడీ, తల బయటపెట్టాడు.

"లేవుండ్రి. జర నా నౌకరి సూడుండ్రి."

"నీ నౌకరి మేం సూస్తం, మా పానం ఎవలు సూస్తరు?" అంది ఖుర్షీద్.

"సేటు పోలీసులకు ఫోన్ చేసిండు."

"రానీ. వాళ్లు గూడ గీ గాలే పీలుస్తరు."

జమున గడపలోనే ఆగిపోయింది. తనను జీపెక్కిస్తే ఈయనకు నీళ్లెవరిస్తారు? ఎన్నేళ్లుగానో ఆమె ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. భయపడడానికి కూడా ఓపిక కావాలి. ఆమెలో అది అయిపోవచ్చింది.

"పో," లోపలినుంచి మల్లేష్ అన్నాడు. "నా దగ్గుకు కావలి ఎందుకు?"

దూరంగా జీపు చప్పుడు. పోలీసులో, ఆఫీసరో. సాంబయ్య ఇంజను రేస్ చేశాడు. గడపలో ఉన్న జమునను చూసి బతిమాలాడు: "వదినె, నువ్వన్న చెప్పు వీళ్లకు."

జమున గడప దిగింది. ఖుర్షీద్ పక్కకు జరిగి చోటిచ్చింది. ట్యాంకరు టైరుకు మూరెడు దూరంలో, దుమ్ములో, జమున కూర్చుంది.