గాదెలో ప్రెసిడెంటు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, రేపల్లె దగ్గర నగరం అనే ఊరికి అవతల, కాలువ చివరి ఊళ్లో నీటి సంఘానికి వెంకటప్పయ్య ప్రెసిడెంటు. కాలువకు నీళ్లు వదలగానే ఎవరి పొలం ముందు తడవాలో, ఎవరిది వెనకో తేల్చేది ఆయనే. ఎంత సబబుగా తేల్చినా ఊరు నమ్మేది కాదు. ఆయన తుమ్మినా బావమరిది వీరాస్వామి కోసమే తుమ్మాడనేవారు. ఈ ఏడైనా తన మాట నమ్మించలేకపోతే ప్రెసిడెంటు పని వదిలేస్తానని భార్య అంకమ్మ దగ్గర ఒట్టేశాడు. అయితే మంచిదేగా అంది ఆవిడ.

బాపట్లలో సంఘాల పెద్దలకు మీటింగు పెడితే వెళ్లి, ఉప్మా తిని, మూడు ముక్కలు మూటగట్టుకొచ్చాడు. అడిగేది ఎవరో తీర్పరికి తెలియకూడదు. ఎవరి విషయం వాళ్లు తేల్చుకోకూడదు, మనిషెవరో తెలిసిపోతే చుట్టాలు కూడా తప్పుకోవాలి. తీర్పుకు కారణం పైకి చెప్పాలి. ఊరంతా సరేనంది.

మొదట కళ్లకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. కుదరలేదు. దగ్గునుబట్టి ఒకణ్ణి, చుట్ట వాసననుబట్టి ఇంకొకణ్ణి పట్టేశాడు. చివరికి యలమంద అనే రైతు వాకిట్లో వడ్లు అమ్మేశాక ఖాళీగా ఉన్న గాదె కనిపించింది. వెదురు అల్లి పేడ మెత్తింది, రెండు నిలువుల ఎత్తు. నిచ్చెన వేయించుకుని ప్రెసిడెంటు అందులోకి దిగాడు. ఎవరూ పైకెక్కి చెవిలో ఊదకుండా నిచ్చెన తీసేయమన్నాడు. సంఘం తేల్చందే మళ్లీ వేయకూడదని కూడా లోపలినుంచే హుకుం జారీ చేశాడు.

గుమాస్తా పున్నయ్య ఒక్కడే, పేర్లు లేకుండా, సంగతులు వినిపించాడు. ఒకరి నారు ముదిరిపోయింది, పొలం నెర్రెలిచ్చింది. ఇంకొకరి నారు జానెడైనా లేవలేదు.

"ముదిరిన నారుకు ముందు, లేతదానికి చివర," అంది గాదె. "లేతది ఆగగలదు, అదీ కారణం."

ఆ లేత నారు వీరాస్వామిది. అతను బావను తిట్టిన తిట్లలో తెనాలి నుంచి రేపల్లె వచ్చే రైలు కూత మునిగిపోయింది. ఊరు మాత్రం మొదటిసారి ప్రెసిడెంటుకు చప్పట్లు కొట్టింది. లోపల వెంకటప్పయ్య కళ్లు తుడుచుకున్నాడు. పేడ దుమ్ము కూడా పడిందనుకోండి.

ఇక చాలు, నిచ్చెన వేయమన్నాడు.

"ఎట్టా మావా?" అన్నాడు పున్నయ్య. "నువ్వు బయటికి రావడం నీ సొంత విషయమాయె. నువ్వెట్టా తేలుస్తావు?"

"పోనీ మీరు తేల్చండ్రా."

"లోపలుంది నువ్వని మాకు తెలుసుగా. ఇక్కడ నీ చుట్టం కానోడు ఎవడు?"

నిజమే. బావ వరస కానివాడు బాబాయి వరస. ఏ వరసా లేనివాళ్లతో గట్టు తగాదాలున్నాయి.

సాయంత్రానికి నిజాంపట్నం జ్ఞానమ్మ ఎండుచేపల గంపతో ఊళ్లోకొచ్చింది. చుట్టరికం లేదు, తగాదా లేదు. పేరు దాచి ఆవిడ ముందు పెట్టారు. ఒకాయన ఒకచోట దిగాడు, బయటికి రానివ్వాలా వద్దా?

ఆవిడ గంప దించింది. ఆయన్ని దింపిందెవరని అడిగితే, తనే దిగాడన్నారు. లోపలుంటే ఎవరికైనా నష్టమా అంటే, లేదు, లోపలున్నంతసేపూ మాట సబబుగా ఉంటుందన్నారు. మరి బయటుంటేనో అంటే, అందరూ వీరాస్వామి వంక చూశారు.

"అయితే నాట్లయ్యేదాకా ఉండనీండయ్యా," అంది జ్ఞానమ్మ. "కారణం మీరే చెప్పారుగా."

గాదె అడుగున వడ్లు తీసే కంతలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

"తీర్పు సబబుగానే ఉంది," అన్నాడు వెంకటప్పయ్య. "అంకమ్మా, పెరుగన్నం గిన్నె ఈ కంతలో పడుతుందేమో చూడు."