మంచం పక్క ప్లగ్గు

కిటికీ గట్టు మీద ఆ ఇనప రేకు కనిపించగానే నేను అక్కడే ఆగిపోయాను.

సగం విరిగిన చంద్రుడిలా ఉంది. కటింగ్ మిషన్‌కి బ్లేడు మీద సగం దాకా కప్పి ఉంచే గార్డు అది. మిషన్ మీద ఉండవలసింది, ఖాళీ టీ గ్లాసు పక్కన పడి ఉంది.

"ఇదెందుకు తీశావురా?" అన్నాను.

"అడ్డమొస్తోంది బావా," అన్నాడు బుడ్డోడు తల ఎత్తకుండానే. "గోడ మూలకి బ్లేడు అందాలంటే అది తియ్యాలి. అందరం తీసేస్తాం."

బుడ్డోడు నా భార్య తమ్ముడు. ఏ గుమ్మంలోనైనా తల వంచి రావలసినంత మనిషయ్యాడు గానీ ఇంట్లో వాడి పిలుపు మాత్రం మారలేదు. వడ్రంగి పని. వాళ్ల నాన్న ఉలితో, రంపంతో చేసిన పనిని వీడు కరెంటుతో చేస్తాడు, చిటికెలో చేస్తాడు, చేస్తూ పాటలు పాడతాడు.

ఆ రోజు మా ఇంట్లో పని బాత్రూమ్ గుమ్మానిది. అత్తయ్యకి ఎడమ కాలు పడిపోయిన దగ్గర్నుంచి మా దగ్గరే ఉంటోంది. చక్రాల కుర్చీ కొన్నాం. తీరా చూస్తే అది బాత్రూమ్ గుమ్మంలో పట్టదు. ఇటు వేలెడు, అటు వేలెడు అడ్డు. పైగా కింద గడప. రోజూ నేనూ నా భార్యా చెరో పక్కా పట్టుకుని ఆవిడని లోపలికి మోసుకెళ్లేవాళ్లం. మోసినంతసేపూ అత్తయ్య కళ్లు మూసుకునేది. ఒకరోజు కొడుకుని పిలిపించి, "నన్ను మూటలా మోస్తున్నార్రా. ఆ గుమ్మం కొయ్యి, నా స్నానానికి నేనే వెళ్తాను," అంది. ఆవిడ ఆ మధ్య నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అందుకని వాడు గుమ్మం చట్రం అంచులు చెక్కి, గడప కోసి తియ్యడానికి వచ్చాడు.

నాకు మిషన్లంటే భయం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. "మా బావకి మిక్సీ తిరిగినా గుండె దడే," అని వాడు పెళ్లిళ్లలో కూడా చెప్పి నవ్విస్తాడు. అయినా ఆ రేకు చూశాక ఊరుకోలేకపోయాను.

"కళ్లకి అద్దాలైనా పెట్టుకోరా."

"చెమట పడితే మసక కమ్ముతాయి బావా. దేవుడున్నాడు."

"ఉన్నాడు. ఆ రేకు నీకు చేయించి పెట్టింది కూడా ఆయనేనేమో."

వాడు పడీ పడీ నవ్వాడు. "అక్కా, మీ ఆయనకి ఇవాళ పురాణం పూనింది!" అని వంటింట్లోకి కేకేశాడు. తరవాత నా భయం పోగొట్టడానికన్నట్లు మిషన్ తెచ్చి నా ముఖం దగ్గర పెట్టాడు. "ఇదిగో, దీని పక్కన మీట చూశావా? ఇలా ముందుకి తోస్తే లాక్ పడుతుంది. ఇక వేలితో నొక్కి పట్టుకోనక్కర్లేదు, దానంతటదే తిరుగుతూ ఉంటుంది. వెనక్కి లాగితే ఆగుతుంది. పిల్లాడికి చెప్పినట్లు చెప్పాను. భయం తీరిందా?"

తీరలేదు. కానీ ఆ మీట మాత్రం నాకు గుర్తుండిపోయింది.

మా ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. అత్తయ్య పడుకునేది గాలి పరుపు మీద. చిన్న మోటారు ఒకటి దానిలోకి ఎప్పుడూ గాలి కొడుతూ ఉండాలి. గాలి తగ్గితే ఆవిడ వీపు గట్టి చెక్కకి తగిలి పుండ్లు పడతాయని డాక్టరు భయపెట్టాడు. మా ఇన్వర్టరు పాతది, కరెంటు పోతే దానంతటది అందుకోదు. వీధి తలుపు దగ్గర గోడకున్న పిడి తిప్పాలి. అందుకని కరెంటు పోయిందంటే చాలు, ఎవరు ముందు గమనిస్తే వాళ్లు "గాలి!" అని అరుస్తారు, ఎవరు దగ్గరుంటే వాళ్లు పరిగెత్తి పిడి తిప్పుతారు. పొయ్యి మీద ఏం మాడుతున్నా సరే, ముందు గాలి. నిద్రలో లేపినా మా చేతులు ఆ పిడి వైపే వెళ్తాయి.

ఆ పిడి తిప్పితే కరెంటు వచ్చేది అత్తయ్య గదికీ హాల్లో ఫ్యానుకీ మాత్రమే. బుడ్డోడు మిషన్ వైరు పెట్టింది అత్తయ్య మంచం పక్కనున్న ప్లగ్గులో. హాల్లో ప్లగ్గు వదులైపోయి చిటపటలాడుతోందని అత్తయ్యే, "నా తలాపున ఉన్నది గట్టిగా ఉంటుంది, అందులో పెట్టుకోరా," అంది. వైరు అక్కడి నుంచి గది గుమ్మం దాటి, నడవకి అడ్డంగా, ఎదురుగా ఉన్న బాత్రూమ్ గుమ్మం దాకా పాకి ఉంది. చక్రాల కుర్చీ ఆ నడవలోనే పక్కకి తోసి పెట్టాం. నేను అత్తయ్య గది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. కొడుకు పని చేస్తుంటే చూడాలని అత్తయ్య దిళ్లు ఎత్తుగా పెట్టించుకుని ఇటే చూస్తోంది.

మిషన్ మొదలైంది. ఆ కేక చెవుల్లోంచి దూరి పళ్లలో దిగుతుంది. చట్రం నుంచి పొట్టు పొగలా లేచింది. గార్డు లేని బ్లేడు వాడి వేళ్లకి ఎంత దగ్గరలో తిరుగుతోందో చూడలేక నేను వాడి మెడ వైపు చూశాను. ఒకసారి మేకు తగిలిందేమో, మిషన్ వాడి చేతుల్లో ఎగిరిపడింది. వాడు "అబ్బో, దీనికి కోపమొచ్చింది!" అన్నాడు. అత్తయ్య నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఒక పక్క చట్రం అయింది. గడప సగం తెగింది. అప్పుడు కరెంటు పోయింది.

మిషన్ గొంతు సన్నబడి, మూలిగి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే నేను ఊపిరి వదిలాను. బుడ్డోడు మిషన్ని తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "మంచిదేలే. బ్లేడు మొద్దుబారింది, ఈలోగా మార్చేస్తాను," అని జేబులోంచి పానా తీసి నట్టుకి తగిలించాడు. రెండో చేతి వేళ్లన్నీ చుట్టేసి బ్లేడు పళ్లని గట్టిగా పట్టుకున్నాడు, కదలకుండా.

ఆ మీట ముందుకే ఉంది.

వాడు దాన్ని వెనక్కి లాగలేదు. లాగవలసిన అవసరం వాడికి కనిపించలేదు. మిషన్ని వాడు ఆపలేదు కదా, అదే ఆగింది.

వంటింట్లోంచి నా భార్య కేక వినిపించింది. "గాలి!"

తరవాత ఆవిడ చెప్పుల చప్పుడు. టపటపా, వీధి తలుపు వైపు.

నా కళ్ల ముందు వాడి వేళ్లున్నాయి. చెవుల్లో ఆ చెప్పులున్నాయి. నేను "ఆగు" అనాలి. ఎంత చిన్న మాట! నోరు తెరిచాను. వచ్చింది "దేవుడా" అని, అది కూడా గొంతు దాటి రాలేదు. చప్పుడు ఆగింది. అంటే ఆవిడ పిడి దగ్గరికి చేరింది. బుడ్డోడు పళ్లు బిగించి నట్టు తిప్పుతున్నాడు, ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. వైరు నా పాదం మీదుగా వెళ్తోంది. చల్లగా తగిలింది. వంగి దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి పడిపోయినంత బలంగా లాగాను.

గదిలో ఏదో టక్కుమని రాలింది. అదే క్షణంలో హాల్లో ఫ్యాను కదిలింది. అత్తయ్య పరుపు మోటారు గుర్రుమంది.

బుడ్డోడి ఒళ్లో మిషన్ చడీ చప్పుడూ లేకుండా ఉంది.

నేను గోడకి జారగిలబడి కూర్చున్నాను.

"ఏమైంది బావా? వైరు తెగుతుంది!" అన్నాడు వాడు. పాత బ్లేడు తీసి కొత్తది పెట్టి నట్టు బిగిస్తూనే ఉన్నాడు. "మిషనంటే భయం సరే, వైరన్నా భయమేనా? పామనుకున్నావా?"

"మీట..." అన్నాను.

"నువ్వు కాసిని మంచినీళ్లు తాగు." మిషన్ని నేల మీద, చక్రాల కుర్చీ పక్కన పెట్టాడు. నా కాళ్లు దాటుకుని గదిలోకి వెళ్లాడు. "అమ్మా, మీ అల్లుడికి నువ్వే ఏదైనా తాయెత్తు కట్టు," అంటూ వంగి కింద పడ్డ ప్లగ్గు అందుకున్నాడు.

"వద్దురా!" ఈసారి గొంతు వచ్చింది. వాడు అప్పటికే పెట్టేశాడు.

మిషన్ నేల మీద నుంచి లేచింది. ఎవరి చేతిలోనూ లేకుండా, ఎవరూ నొక్కకుండా. ఒక్క అరుపు అరిచి పక్కకి దొర్లింది, బండ మీద నిప్పులు రాల్చింది, చక్రాల కుర్చీ మీదకి దూకి దాని టైరుని కరిచింది. నల్లటి రబ్బరు ముక్కలు నా ముఖానికి కొట్టుకున్నాయి. అక్కడి నుంచి ఎగిరి తిరిగి నా వైపు రావడం మొదలుపెట్టింది. నేను కాళ్లు ముడుచుకున్నాను.

ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరం. బుడ్డోడు దాన్ని పట్టుకోవడానికి దూకాడు. వట్టి చేతులతో. పనివాడు కదా, తన పనిముట్టు పారిపోతుంటే చేతులు ముందుకి పోతాయి. చేతులు చాచి, వంగి, కోడిని పట్టబోయినట్లు.

మిషన్ గొంతు పడిపోయింది.

"ముట్టుకోకు!" అని గదిలోంచి కేక. "ఇంకా తిరుగుతోంది, ముట్టుకోకురా!"

వాడు చాచిన చేతులతో అలాగే నిలబడిపోయాడు. బ్లేడు వాడి వేళ్ల ముందు గిర్రున తిరిగి, తిరిగి, మెల్లగా పళ్లు కనిపించేదాకా తగ్గి, ఆగింది.

అత్తయ్య మంచం మీద సగం పక్కకి ఒరిగిపోయి ఉంది. కుడిచేతిలో ప్లగ్గు. దిండు కింద పడింది.

తరవాత బుడ్డోడు మోకాళ్ల మీద కూర్చుని, మిషన్ వైపు కాక దాని మీట వైపు చూశాడు. అది ముందుకే ఉంది. వీధి తలుపు వైపు చూశాడు. నా చేతిలో ఇంకా ఉన్న వైరు వైపు చూశాడు. ఒక్కొక్కటీ వాడికి అర్థమవుతూ ఉంటే ముఖంలో నెత్తురు దిగిపోవడం నాకు కనిపించింది. అరచేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్లు చూసుకున్నాడు.

నా భార్య గరిటె పట్టుకుని వచ్చింది. "ఏమిటా చప్పుడు? పిడి తిప్పానుగా, గాలి వస్తోందా అమ్మకి?" టైరు చూసింది. తమ్ముడి ముఖం చూసింది. నేనే ముక్కలు ముక్కలుగా చెప్పాను, బ్లేడు వాడి చేతిలో ఉండగా ఆవిడ పిడి తిప్పిందని. సగంలోనే గరిటె కింద పెట్టింది.

"నేనా?" అంది. "నేను తిప్పానా?"

"నువ్వు గాలి కోసం తిప్పావక్కా," అన్నాడు బుడ్డోడు. వాడి గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "మీట లాగనిది నేను."

ఆవిడ వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. తరవాత ఆ వీపు మీదే తల పెట్టి ఏడ్చింది. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది బ్లేడు తలుచుకుని కాదు. పిడి తిప్పడం మా ఇంట్లో ప్రేమతో అలవాటు చేసుకున్న పని. అంత మంచి పనే ఆ చేతిని తినేసి ఉండేది.

"ఇలా రా," అంది అత్తయ్య కొడుకుని.

వాడు వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ ప్లగ్గు ఒళ్లో పెట్టుకుని, వాడి చేతులు తీసుకుని వేళ్లన్నీ తడిమింది, పుట్టిన బిడ్డవి తడిమినట్లు. పొట్టు అంటుకుని ఉంటే చీరచెంగుతో తుడిచింది.

"నాకా గుమ్మం వద్దురా. మూటలాగే మొయ్యండి."

"లేదమ్మా. చేస్తాను. సరిగ్గా చేస్తాను."

వాడు లేచి, మీట వెనక్కి లాగి, కిటికీ గట్టు మీద రేకు తెచ్చి మిషన్‌కి బిగించాడు. బిగిస్తుంటే మర జారి పడింది. నేనే వెతికి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ప్లగ్గు కోసం గదిలోకి చెయ్యి చాచాడు. అత్తయ్య ఇవ్వలేదు.

"ఇది నా దగ్గరుంటుంది. నువ్వు రెండు చేతులతో మిషన్ పట్టుకుని, మీట వెనక్కుందని చూపించు, అప్పుడు పెడతాను. బ్లేడు ముట్టుకోవాలంటే ముందు నాకు చెప్పు, పీకి ఒళ్లో పెట్టుకుంటాను. ప్లగ్గు నా ఒళ్లో కనిపిస్తే గానీ బ్లేడు జోలికి పోకు."

"అలాగేనమ్మా."

"అలాగే అనడం కాదు. చూపించు."

వాడు చూపించాడు. ఆవిడ పెట్టింది.

గార్డు వేశాక మిషన్ మూలల్లోకి వెళ్లలేదు. అక్కడ మిగిలిన చెక్కని వాడు వాళ్ల నాన్న ఉలితో చెక్కాడు. చాలాసేపు పట్టింది. పాట పాడలేదు. మధ్యమధ్యలో "అమ్మా, బ్లేడు" అనేవాడు. లోపలి నుంచి "ఆ, ఒళ్లో ఉంది" అని వచ్చేది. నేను గది గుమ్మం వదల్లేదు. మిషన్ అరిచినప్పుడల్లా నా అరచేతులు తడిసిపోయేవి, ఆగాక కూడా ఆరేవి కావు.

చెక్కుతున్న చప్పుడు మధ్యలో అత్తయ్య నన్ను పిలిచింది.

"బాబూ, ఇందాక వైరు లాగేటప్పుడు దేవుణ్ణి తలుచుకున్నావా?"

"తలుచుకున్నానత్తయ్యా. మాట రాలేదు గానీ తలుచుకున్నాను."

"తలుచుకున్నాక లాగావా, లాగాక తలుచుకున్నావా?"

ఆలోచించాను. దేవుడా అన్నప్పుడు చేతులు కదల్లేదు. చేతులు కదిలినప్పుడు నోట్లో ఏ పేరూ లేదు. వైరు చల్లగా పాదానికి తగలడం మాత్రం గుర్తుంది. అది ఆయన చెయ్యే అనుకోవచ్చునా? అంత పెద్ద మాట నేననగలనా?

"తెలియదత్తయ్యా," అన్నాను.

"నాకూ తెలియలేదు," అందావిడ ఒళ్లో ప్లగ్గు సర్దుకుంటూ. "నేను ప్లగ్గే పీకాను. దణ్ణం ఇప్పుడు పెట్టుకుంటున్నాను."

నడవలోంచి వాడి కేక వచ్చింది. "అమ్మా, బ్లేడు మార్చాలి!"

ఆవిడ ప్లగ్గు వాడికి కనపడేలా పైకెత్తి పట్టుకుంది. వాడు గుమ్మంలోకి వంగి, దాన్ని చూసి, ఇంకోసారి చూసి, అప్పుడు పానా తీశాడు.